‘మీ బాస్ నిర్ణయం తప్పైతే ఏం చేస్తారు?’ ఢాకా నుంచి ఓ జవాబు

‘మీ మేనేజర్ తీసుకున్న నిర్ణయం తప్పని మీకు అర్థమైంది. అప్పుడేం చేస్తారు?’ హెచ్‌ఆర్ రౌండ్‌లో ఈ ప్రశ్న ఎదురవని ఫ్రెషర్ అరుదు. ‘మర్యాదగా చెప్పి చూస్తాను సర్, వినకపోతే టీమ్ నిర్ణయమే నా నిర్ణయం’ అని మనమంతా బట్టీపట్టిన జవాబు ఒకటుంది కదా! నేనూ అదే చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నా. సివిల్స్‌కి చదివేవాళ్లకైతే జీఎస్ నాలుగో పేపర్ కేస్ స్టడీల్లో ఇదే ప్రశ్న వేషం మార్చుకుని వస్తుంది. దీనికి నిజంగా జవాబు రాయాల్సి వచ్చిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు ఆర్చర్ బ్లడ్. 1971లో ఢాకాలో అమెరికా కాన్సుల్ జనరల్.

రెజ్యూమె చూస్తే అంతా పద్ధతిగానే ఉంటుంది. 1923లో షికాగోలో పుట్టారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి, 1947లో అమెరికా విదేశాంగ సర్వీసులో చేరారు. గ్రీస్, జర్మనీ లాంటి చోట్ల పోస్టింగులు. 1960ల మొదట్లో ఢాకాలో ఓసారి పనిచేశారు, 1970లో అక్కడికే పెద్ద హోదాలో తిరిగొచ్చారు. ఇంకో మెట్టు ఎక్కితే రాయబారి. ఆ కెరియర్లో అందరూ చూసేది ఆ కుర్చీవైపే.

అప్పటికి బంగ్లాదేశ్ లేదు. అది తూర్పు పాకిస్థాన్. 1970 నవంబరులో వచ్చిన తుపానులో లక్షల మంది చనిపోయారు. డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రెహమాన్ పార్టీ అవామీ లీగ్ మొత్తం పాకిస్థాన్ పార్లమెంటులోనే మెజారిటీ సాధించింది. సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. ఆ రాత్రి బ్లడ్ ఇంట్లో విందుకు వచ్చిన అతిథులు బయటికి వెళ్లే వీల్లేక అక్కడే ఉండిపోయారు. మేడ మీద నుంచి చూస్తే నగరం తగలబడుతోంది. ఢాకా యూనివర్సిటీ హాస్టళ్లలో విద్యార్థులను, ఇళ్లలో ప్రొఫెసర్లను కాల్చి చంపారు. విదేశీ విలేకరులను హోటల్లో నిర్బంధించి, తర్వాత దేశం నుంచి పంపేశారు.

విలేకరులు లేరు కాబట్టి, ఏం జరుగుతోందో చూసి రాసే పని కాన్సులేట్ మీద పడింది. ఇక్కడ ఆయన పద్ధతి గమనించండి. మొదటి రోజుల్లో ఆయన పంపినవి అభిప్రాయాలు కాదు, రిపోర్టులు. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎంతవరకు నమ్మొచ్చు... ఇవీ వివరాలు. మార్చి 28న పంపిన టెలిగ్రామ్‌కు ‘సెలెక్టివ్ జెనోసైడ్’ అని శీర్షిక పెట్టారు. అంటే, మనుషుల్ని ఏరి మరీ చంపుతున్నారని. పాక్ సైన్యం వాడుతున్న ఆయుధాల్లో అమెరికా ఇచ్చినవీ ఉన్నాయి. అయినా వాషింగ్టన్ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఏప్రిల్ 6న ఇంకో టెలిగ్రామ్ వెళ్లింది. నంబర్ 1138. తర్వాత ‘బ్లడ్ టెలిగ్రామ్’గా పేరుపడింది ఇదే (రక్తం అనుకోకండి, అది ఆయన ఇంటిపేరు). మన ప్రభుత్వ విధానంతో మేం ఏకీభవించడం లేదంటూ ఢాకాలోని 20 మంది అమెరికన్ అధికారులు దానిమీద పేర్లు పెట్టారు. వాళ్లలో మీకన్నా నాలుగైదేళ్లు మాత్రమే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లు గోడ దూకలేదు, పత్రికకు లీక్ చేయలేదు. అసమ్మతిని పై అధికారులకు నేరుగా రాసుకునే ‘డిసెంట్ చానల్’ అనే దారిని విదేశాంగ శాఖ ఆ రోజుల్లోనే తెరిచింది. వియత్నాం యుద్ధం నేర్పిన పాఠం అది. దాన్నే వాడారు.

బ్లడ్ ఏం చేయాలి? ఆపేయొచ్చు. ‘ఇది వాళ్ల అభిప్రాయం, నాకు సంబంధం లేదు’ అని దాటేయొచ్చు. ఆయన టెలిగ్రామ్ చివర తన మాట చేర్చారు. ఈ అధికారులు ఇక్కడున్నవాళ్లలో అత్యుత్తములు, వాళ్ల అభిప్రాయమే నాదీ, కాకపోతే ఈ ఆఫీసుకు పెద్దగా ఉంటూ సంతకం చేయడం సరికాదని చేయడం లేదు అని. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన భాగం ఇదే. హోదా మర్యాద తప్పలేదు, అలాగని జూనియర్లను ముందుకు తోసి వెనక దాక్కోలేదు.

నా మొదటి ఉద్యోగంలో ఓ రిలీజ్‌కి ముందు పెద్ద లోపం కనిపించింది. టీ తాగుతూ లీడ్‌కి చెప్పా. మెయిల్ మాత్రం పెట్టలేదు, ఎందుకొచ్చిన గొడవ అని. వారం తర్వాత అది బద్దలైంది. ‘ముందే చెప్పా’ అంటే నా దగ్గర రుజువేదీ? అందుకే ఆ 1138 నంబరు నాకు అంతలా గుర్తుండిపోయింది.

ఇక ఫలితం. విధానం మారలేదు. అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ అప్పుడు చైనాతో రహస్యంగా స్నేహం కలుపుకొనే పనిలో ఉన్నారు. మధ్యవర్తి యాహ్యా ఖానే. జులైలో కిసింజర్ పాకిస్థాన్ మీదుగానే రహస్యంగా బీజింగ్ వెళ్లారు. ఢాకాలో ఉన్న బ్లడ్‌కు ఈ సంగతి తెలీదు. మీ పైవాళ్ల దగ్గర మీకు తెలియని లెక్కలుంటాయన్నది నిజమే. తెలిసినా ఢాకా వీధుల్లో శవాల లెక్క మారదన్నదీ నిజమే. డిసెంబరులో భారత్, పాక్ యుద్ధం జరిగింది. 16న పాక్ సైన్యం ఢాకాలో లొంగిపోయింది.

బ్లడ్ అప్పటికి అక్కడ లేరు. కొన్ని నెలల ముందే ఆయన్ను వెనక్కి పిలిచి, విదేశాంగ శాఖ సిబ్బంది వ్యవహారాల విభాగంలో కూర్చోబెట్టారు. అదే ఏడాది తోటి అధికారుల సంఘం ఆయనకు హెర్టర్ అవార్డు ఇచ్చింది. తర్వాత మన ఢిల్లీలోని అమెరికా ఎంబసీలో రెండో స్థానం దాకా వచ్చారు. రాయబారి మాత్రం ఎప్పటికీ కాలేదు. ఈ ముక్క దాచి కథ చెప్పేవాళ్లంటే నాకు పడదు. మూల్యం ఉంటుంది. తెలిసే సంతకం పెట్టాలి.

1982లో రిటైరయ్యారు. 2002లో ఢాకా రోజుల మీద పుస్తకం రాశారు. 2004లో చనిపోయారు. మరుసటి ఏడాది ఢాకాలోని అమెరికన్ సెంటర్ లైబ్రరీకి ఆయన పేరు పెట్టారు.

ఆ టెలిగ్రామ్ ఇప్పుడు రహస్యం కాదు. నెట్‌లో వెతికితే స్కాన్ కాపీ దొరుకుతుంది. ఇంగ్లిష్ కొంచెం బరువుగా ఉన్నా ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఓపిగ్గా చదవండి. వరసగా 20 పేర్లు, వాటి తర్వాత బ్లడ్ చేర్చిన మాటలు కనిపిస్తాయి.