ఎల్లరకును తెరచిన వాకిలి

నెల్లూరు జిల్లా సముద్రతీరమున, బోగోలు మండలమునందు, జువ్వలదిన్నె యను గ్రామము కలదు. దిన్నె యనగా మెరక. ఆ తీరవాసులలో పెక్కండ్రకు చేపలవేట జీవనాధారము. ఇటీవల అచట చేపలరేవు కూడ నిర్మింపబడినది. ఇట్టి తీరములందు కడలినుండి మరలివచ్చిన పడవను ఒడ్డునకు చేర్చు విధమును గమనించినచో చక్కని పాఠమొకటి బోధపడును. బరువైన పడవను నిలువున పైకెత్తుటకు ఎవ్వరును యత్నింపరు. ఇసుక వాలుగానున్న చోటు చూచి, నలుగురు చేయి కలిపి, మెల్లమెల్లగా పైకి లాగుదురు. ఎత్తజాలని బరువు వాలుమీద ఎక్కును. మత్స్యకారులు అనుభవమువలన ఎరిగిన ఈ ఉపాయమునే భౌతికశాస్త్రము ‘వాలుతలము’ అని పేర్కొనుచున్నది.

ఈ ఉపాయము పడవలకే కాదు, విద్యాలయములకును పనికివచ్చును. ఒక కళాశాల ముంగిట ఒక్కొక్కటి 6 అంగుళముల ఎత్తుగల మెట్లు మూడు కలవనుకొందము. నడవగలవాడు వానిని లెక్కచేయక దాటిపోవును. చక్రాల కుర్చీలోనున్న విద్యార్థికి ఆ మూడు మెట్లే కోటగోడ. మనిషియు కుర్చీయు కలిసి 100 కిలోల బరువున్నచో, ఆ బరువునంతను పైకెత్తుటకు ముగ్గురో నలుగురో కావలెను. మెట్ల ప్రక్కన, అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు చొప్పున, వాలుబాటను నిర్మించినచో ఏమగును? మూడు మెట్ల ఎత్తు 18 అంగుళములు. కావున 18 అడుగుల బాట చాలును. రాపిడిని విడిచి లెక్కించినచో, దానిమీద కుర్చీని నడుపుటకు ఎనిమిది తొమ్మిది కిలోల బరువును మోయునంతటి బలము సరిపోవును. పోవలసిన దూరము పెరిగినది. కావలసిన బలము తరిగినది. నలుగురు చేయవలసిన పనిని ఇప్పుడు ఆ విద్యార్థి తన చేతులతో తానే చేసికొనగలడు.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. విద్యార్థి కాళ్లలో ఏ మార్పును రాలేదు. మారినది వాకిలి మాత్రమే. కావున అతడు లోనికి పోజాలకుండుటకు కారణము అతని దేహములోనే కలదనుట సరికాదు. కట్టడము నిర్మించినవారి ఆలోచనలోను కలదు. ఎవ్వరైనను ఇతరుల దయకొరకు కాచుకొనక, గౌరవముతో, తమంత తాము ప్రవేశించి ఉపయోగించుకొనునట్లు స్థలములను, వస్తువులను, సమాచారమును అమర్చుటకు ‘సుగమ్యత’ అని పేరు.

సుగమ్యత లంగరు గొలుసు వంటిది. ఒక్క కడియము ఊడినను పడవ నిలువదు. తీరగ్రామమునుండి ఒక వికలాంగ విద్యార్థిని విశ్వవిద్యాలయమున చదువబోవుచున్నదని ఊహింపుడు. ఊరిలోని ఇసుకదారిలో కుర్చీ చక్రములు కూరుకొనిపోరాదు. బస్సు మెట్లు ఎక్కుటకు వీలుండవలెను. విద్యాలయ ద్వారమువద్ద వాలుబాట ఉండవలెను. తరగతి రెండవ అంతస్తులోనున్నచో లిఫ్టు ఉండవలెను. గ్రంథాలయమున బల్లలు, బీరువాలు చేతికి అందవలెను. మరుగుదొడ్డి ఉపయోగింపదగినదై యుండవలెను. ఇందు ఏ ఒక్కటి లేకున్నను మిగిలినవన్నియు వ్యర్థములగును. మరుగుదొడ్డి సౌకర్యము లేదను భయముచే దినమంతయు నీరు త్రాగక గడపు విద్యార్థినికి ద్వారమువద్ద వాలుబాట ఉండియు ఏమి ఫలము?

అందుచేతనే నిపుణులు కొన్ని కొలతలను నిర్ణయించినారు. తలుపు తెరచినప్పుడు కుర్చీ దూరుటకు సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు కావలెను. కుర్చీ వెనుదిరుగుటకు సుమారు 150 సెంటీమీటర్ల వ్యాసముగల ఖాళీస్థలము కావలెను. వాలుబాటకు ఇరువైపుల పట్టుకొమ్ములుండవలెను. బాట పొడవైనదైనచో నడుమ విశ్రమించుటకు సమతలము విడువవలెను. మరుగుదొడ్డి తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. లోపల నున్నవారు పడిపోయినచో లోనికి తెరచుకొను తలుపునకు వారి దేహమే అడ్డుపడును. అంధులు కాలితోను కర్రతోను తడిమి దారి తెలిసికొనుటకు, గీతలును బుడిపెలును గల పలకలను నేలపై పరచవలెను. ఈ పలకలను 1965లో జపానుదేశీయుడైన సెయిచి మియాకె కనిపెట్టెను. 1967లో ఒకయామా నగరమున అంధుల పాఠశాలకు సమీపమున వానిని మొదట అమర్చిరి. నేడు అవి మన దేశపు రైలు ప్లాట్‌ఫారములమీదను కనుపించుచున్నవి.

విశ్వవిద్యాలయములు ఈ విషయమున మేల్కొనుట వెనుక విద్యార్థుల పట్టుదల కలదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అను బాలుడు 1953లో తన 14వ ఏట పోలియో వ్యాధికి గురియై, మెడకు దిగువ చచ్చుబడి, శ్వాసయంత్రముపై ఆధారపడి జీవించెను. 1962లో అతడు బర్క్‌లీ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. బరువైన ఆ యంత్రమునుంచుటకు తగిన వసతి విద్యార్థి గృహములలో లేనందున, విశ్వవిద్యాలయపు ఆసుపత్రియందే అతనికి నివాసమేర్పరచిరి. అతని తరువాత మరికొందరు వికలాంగ విద్యార్థులు వచ్చి చేరిరి. వారందరు ఏకమై తమ అవసరములను తామే వివరించి, 1970లో విశ్వవిద్యాలయమున తమకొక సహాయ విభాగమును సాధించుకొనిరి. 1970వ దశకమున ఆ నగరవీథుల కాలిబాటల అంచులను వాలుగా మార్చిరి. ఆ వాలు చక్రాల కుర్చీలకొరకై ఏర్పడినను, పసిపాపల బండ్లను నడుపు తల్లులకు, సామానుబండ్లను త్రోయు కూలీలకు, ఊతకర్రతో నడచు వృద్ధులకు గూడ మేలుచేసినది. కొందరికై తెరచిన వాకిలి ఎల్లరకును ఉపయోగపడినది.

పూర్వము విద్యాలయమునకు ఒకటే వాకిలి. నేడు రెండవ వాకిలి యొకటి ఏర్పడినది. అదియే కంప్యూటరు తెర. ప్రవేశమునకు దరఖాస్తు, రుసుము చెల్లింపు, పాఠములు, ప్రకటనలు, పరీక్షాఫలితములు అన్నియు నేడు అంతర్జాలముద్వారా జరుగుచున్నవి. రాతిమెట్లు కంటికి కనబడును. ఈ రెండవ వాకిటనున్న మెట్లు అందరి కంటికి కనబడవు. కనుకనే వానిని గుర్తించుట కష్టము.

అంధులు చదువుకొనుటకు ఫ్రాన్సుదేశీయుడైన లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపిని రూపొందించి 1829లో ప్రకటించెను. అతడు స్వయముగా అంధుడు. భారతీయ భాషలకు ఉమ్మడిగా ‘భారతీ బ్రెయిలీ’ 1951లో ఏర్పడినది. నేడు బ్రెయిలీకి తోడు ‘స్క్రీన్ రీడర్’ అను సాధనము వచ్చినది. ఇది తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించును. ఇట్టివానిలో ‘ఎన్.వి.డి.ఎ.’ అనునది ప్రసిద్ధము. దానిని ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే అను ఇరువురు అంధులు 2006లో ఆరంభించిన కృషివలన తయారుచేసి, ప్రపంచమున కెల్ల ఉచితముగా నిచ్చినారు. అది తెలుగును గూడ చదువగలదు.

అయినను తెలుగునందు ఒక చిక్కు కలదు. కంప్యూటరు అక్షరమును బొమ్మగా గాక సంఖ్యగా దాచుకొనును. ప్రపంచభాషల అక్షరములన్నింటికి వేర్వేరు సంఖ్యలను కేటాయించిన పద్ధతికి ‘యూనికోడ్’ అని పేరు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగునకు స్థానము లభించినది. కాని అంతకు ముందునుండి వాడుకలోనున్న కొన్ని ముద్రణాలయ ఫాంట్లు వేరొక మార్గము త్రొక్కినవి. వానిలో లోపల ఇంగ్లీషు అక్షరమునకు చెందిన సంఖ్య ఉండును. పైకి మాత్రము తెలుగక్షరపు ఆకారము కనుపించును. కన్నులున్నవాడు దానిని ‘క’ యని చదువుకొనును. స్క్రీన్ రీడర్ ఆకారమును చూడజాలదు; సంఖ్యనే చూచును. కావున అర్థము లేని ధ్వనులను వినిపించును. అట్లే కాగితమును ఫోటో తీసి ఉంచిన ప్రకటన దానికి ఒక బొమ్మయే కాని వ్రాత కాదు. ఒకే ప్రకటనను యూనికోడ్ అక్షరములలో ఉంచినచో అంధవిద్యార్థి తోటివారితోపాటు అదే క్షణమున తెలిసికొనును. లేనిచో మరియొకరు వచ్చి చదివి వినిపించువరకు కాచుకొనవలెను. ఈలోపల గడువు దాటిపోవచ్చును.

ఇట్టి మెట్లు మరికొన్ని కలవు. చిత్రమునకు మాటలలో వివరణ లేనిచో అంధునకు అది శూన్యము. వీడియో పాఠమునకు క్రింద వాక్యములు లేనిచో బధిరునకు అది మూగబొమ్మ. లేత రంగు కాగితముపై లేత అక్షరములు మందదృష్టి గలవారికి కనబడవు. చేతులు వణకువారు మౌస్ నడుపలేరు. వారికి కీబోర్డుతోనే పని ముగియునట్లుండవలెను. ఈ మెట్లను తొలగించుటకు ఇటుకలు, సిమెంటు అక్కరలేదు. కొంచెము శ్రద్ధ చాలును.

శ్రద్ధ కొరవడిన చోట జరుగు అన్యాయమునకును, శ్రద్ధ వహించినచో కలుగు ఫలమునకును మన తెలుగునాటనే ఉదాహరణ కలదు. మచిలీపట్నము ప్రాంతమున సీతారామపురమున జన్మించిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధుడు. పదవ తరగతిలో ఉత్తీర్ణుడైన పిమ్మట అతడు విజ్ఞానశాస్త్రము చదువగోరెను. పటములను, రేఖాచిత్రములను చూడలేని అంధులకు ఆ శాఖలో ప్రవేశము లేదని నాటి నియమము అడ్డువచ్చినది. అతడు న్యాయస్థానమును ఆశ్రయించి, మాసములతరబడి పోరాడి, అనుమతి పొందెను. పాఠ్యగ్రంథములను శబ్దరూపమున విని చదివి, ఇంటర్మీడియట్ పరీక్షలలో 98 శాతము మార్కులు సాధించెను. అనంతరము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, స్వదేశమునకు మరలివచ్చి, 2012లో హైదరాబాదున ఒక పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు ఉద్యోగములు కల్పించెను. గ్రంథమును వినదగినదిగా మార్చుటయే అతనికి వాలుబాట అయినది.

కాని ప్రతి విద్యార్థియు న్యాయస్థానమున పోరాడి చదువుకొనవలెనా? అట్టి అవస్థ కలుగకుండుటకే చట్టములు పుట్టినవి. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను గుర్తించినది. దాని స్థానమున వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నతవిద్యాసంస్థలలో 5 శాతమునకు తగ్గకుండ స్థానములను కేటాయింపవలెననినది. భవనములు, రవాణా, సమాచారము సుగమ్యములుగా నుండవలెననియు విధించినది. అయినను చట్టము నమలుపరచు నిబంధనలలోని ప్రమాణములు పాటింపక తప్పని ఆజ్ఞలుగా గాక, ఎక్కువభాగము సూచనలుగనే ఉండిపోయినవి.

ఈ లోపమును వెల్లడించుటలో హైదరాబాదునందలి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు ముఖ్యపాత్ర కలదు. రాజీవ్ రాతూరి అను దృష్టిలోపముగల వ్యక్తి బహిరంగ స్థలముల సుగమ్యతకై వేసిన వ్యాజ్యమున, దేశమందలి పరిస్థితిని పరిశీలించి నివేదింపుమని సుప్రీంకోర్టు ఆ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమును కోరెను. ఆ నివేదికను చూచిన పిదప, 2024 నవంబరు 8న న్యాయస్థానము తీర్పు చెప్పెను. సుగమ్యతా ప్రమాణములను కేవలము సూచనలుగా నుంచిన నిబంధన చట్టమునకు విరుద్ధమనియు, తప్పక పాటింపవలసిన ప్రమాణములను ఏర్పరుపవలెననియు ఆదేశించెను. 2025 ఏప్రిల్ 30న మరియొక తీర్పులో, అంతర్జాల సేవలను అందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించు జీవించు హక్కులో భాగమని ప్రకటించెను. ఇట్లు రాతిమెట్లకును, తెరమీది మెట్లకును న్యాయము ఒక్కటే అయినది.

కొందరికొరకు ఇంత వ్యయమేల యని ప్రశ్నించువారు కలరు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. ఇది చిన్న సంఖ్య కాదు. అదియునుగాక, భవనమును కట్టునప్పుడే వాలుబాటను చేర్చుట సులభము. కట్టిన పిదప పగులగొట్టి చేర్చుట కష్టము. నేడు మెట్లను పరుగున ఎక్కు బాలుడు రేపు కాలు విరిగి ఊతకర్ర పట్టవచ్చును. వృద్ధాప్యమున కంటిచూపు మందగింపవచ్చును. సుగమ్యత పరులకు చేయు దానము కాదు. అది అందరికి గల హక్కు. అందరకు కావలసిన వసతి.

విశ్వవిద్యాలయము దూరమున నుండవచ్చును గాని, ఈ పరిశీలనకు పాఠశాలయే తగిన తావు. ఒక కొలతబద్దను చేతబట్టి పాఠశాల గుమ్మము వెడల్పెంతయో, మెట్లెన్నియో, వాలుబాట ఎంత పొడవున్నదో కొలిచి చూడవచ్చును. నీటి కొళాయి కుర్చీలోనున్నవారి చేతికి అందునో లేదో, ప్రకటన ఫలకముమీది అక్షరములు ఎంత దూరమునుండి కనబడునో పరీక్షింపవచ్చును. చక్రాల కుర్చీలోని సహాధ్యాయిని అడుగకయే త్రోయుట కంటె, సాయము కావలెనాయని ముందుగా అడుగుట మర్యాద. కనుగొన్న లోపములను కాగితమున వ్రాసి ప్రధానోపాధ్యాయులకు సమర్పించినచో, సరిచేయు పనికి అదియే నాంది యగును.

బరువైన పడవకు వాలు చూపగల బుద్ధి మానవునకు కలదు. చదువుకొనగోరు తోటిమానవునకు అదే వాలు చూపుట ఆ బుద్ధికి తగిన పని.