చార్మినార్ రూపాయిని చదవడం నేర్పుదాం

నానీమా సందూకు అడుగున, జరీ బట్టల మడతల్లో, ఎప్పుడో ప్రయాణానికి కట్టిన ఇమామ్ జామిన్ గుడ్డ ముడిలో ఒకటో రెండో పాత వెండి రూపాయలు దొరకడం హైదరాబాదు, తెలంగాణ జిల్లాల ముస్లిం కుటుంబాలకు కొత్త విషయం కాదు. ఒకవైపు చార్మినార్ బొమ్మ, రెండోవైపు ఫార్సీ అక్షరాలు. చేతికి తీసుకోగానే ఇంట్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, “దీనికెంత వస్తుంది?” చాలా ఇళ్ళల్లో ఆఖరి ప్రశ్న కూడా అదే అవుతోంది. నాణెం వెండి అంగడికి చేరుతుంది. తూకం వేస్తారు, కరిగిస్తారు. దానిమీద ఏం రాసి ఉందో అడిగేవారు ఉండరు.

నాణేల సేకరణదారులు నలుగురు ఒకచోట చేరితే ఒక వాదన తప్పకుండా వస్తుంది. ఈ అభిరుచిలోకి కొత్తగా అడుగుపెట్టిన వారికి ముందుగా నేర్పవలసింది ఏమిటి? ధర తెలియకపోతే మోసపోతారు కనుక ముందు ధరలే నేర్పాలంటారు కొందరు. చదవడం రానివాడు ధర తెలిసినా మోసపోతాడంటారు మరికొందరు. మేము రెండోవారి పక్షమే. ఎందుకో వివరిస్తాము.

అక్షరమే ఆధారం

ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ హిజ్రీ 77లో (క్రీ.శ. 696-97) కొత్త బంగారు దీనార్ ముద్రింపజేశారు. అంతకుముందు నాణేలపై చక్రవర్తుల బొమ్మలుండేవి. ఈ దీనార్ మీద బొమ్మ లేదు, అక్షరాలే ఉన్నాయి. రెండేళ్ళ తరువాత వచ్చిన వెండి దిర్హమ్ మీద టంకశాల ఊరి పేరు, ముద్రించిన సంవత్సరం రెండూ రాశారు. అప్పటి నుంచి ముస్లిం పాలకుల నాణేలలో చాలావరకు చదవవలసినవే అయ్యాయి. చదవగలిగితే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే మూడు ప్రశ్నలకూ నాణెమే జవాబు చెబుతుంది.

అక్షరం లేకపోవడం కూడా ఒక సమాచారమే. షాజహాన్ నాణేలపై కలిమా కనిపిస్తుంది. చేతులు మారే డబ్బు మీద కలిమాకు అగౌరవం కలుగుతుందని ఔరంగజేబు దాన్ని నాణేలపై వేయకుండా ఆపించారు. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు, కలిమా ఉన్న రూపాయిని చూపించి ఔరంగజేబుదని ఎవరైనా అమ్మజూపితే ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు.

అంకెలతో మొదలుపెట్టాలి

ఉర్దూ రాని పిల్లలకు కూడా ఒక్క సాయంత్రంలో అంకెలు నేర్పవచ్చు. ఒకటి నిలువు గీత. రెండుకు తలమీద ఒక వంపు, మూడుకు రెండు వంపులు. అయిదు తలకిందులు చేసిన తమలపాకు ఆకారం. ఏడు పైకి తెరుచుకున్న గరాటులా, ఎనిమిది గుడారంలా ఉంటాయి. సున్నా ఒక చిన్న చుక్క మాత్రమే. దాన్ని మచ్చ అనుకుని వదిలేస్తే సంవత్సరమే మారిపోతుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలను మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి.

ఆ సంవత్సరం హిజ్రీ. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. 1337 అని ఉంటే 1918-19 అన్నమాట. హిజ్రీ ఏడాది సుమారు పదకొండు రోజులు పొట్టిది కనుక నేరుగా 622 కలిపితే లెక్క తప్పుతుంది. రెండోవైపు ‘జులూస్’ అన్న మాట దగ్గర ఇంకో చిన్న సంఖ్య ఉంటుంది. అది పాలకుడు గద్దెనెక్కిన నాటి నుంచి లెక్కించిన ఏడు. ఉస్మాన్ అలీఖాన్ 1911లో, అంటే హిజ్రీ 1329లో గద్దెనెక్కారు. రెండు లెక్కలూ పొసగకపోతే ఆ నాణేన్ని మరోసారి పరిశీలించాలి.

హైదరాబాదు నాణేలు కొన్నింటిపై 92 అనే సంఖ్య ఉంటుంది. అది సంవత్సరం కాదు. అక్షరాలకు విలువ కట్టే అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అనే పేరుకు వచ్చే మొత్తం అది. 1857 తిరుగుబాటు తరువాత నిజాములు మొగల్ చక్రవర్తి పేరు తొలగించి ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా’ పేరుతో ముద్రించిన నాణేల మీద ఇది కనిపిస్తుంది.

ద్వారంలోని అక్షరం

ఇప్పుడు చార్మినార్ బొమ్మను భూతద్దంతో చూడండి. మధ్య ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ కాలం. ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలం. తొలినాళ్ళ ఉస్మానియా రూపాయలపై ఈ ఐన్ పొట్టిగా, పదం మొదట్లో రాసే రూపంలో ఉంటుంది. ఆ తరువాతి వాటిపై పూర్తి రూపంలో కనిపిస్తుంది. సేకరణదారులు ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. రెండోవైపు ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అని ఊరి బిరుదుతో సహా టంకశాల పేరు, నడుమ ‘యక్ రూపియా’ అనే మాట కనిపిస్తాయి.

తూకం చెప్పే చరిత్ర

చదవడమంటే అక్షరాలతోనే ముగిసేది కాదు. తూకం కూడా చదవాలి. ఆ రోజుల్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు, అంటే ఆరు బ్రిటిషు రూపాయలు ఇచ్చేవారని పెద్దలు చెబుతుంటారు. కారణం త్రాసులో ఉంది. ఉస్మానియా రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. ఏడు హాలీ రూపాయల్లో ఉన్న వెండిని లెక్కకట్టినా, ఆరు కల్దార్లలో ఉన్న వెండిని లెక్కకట్టినా ఇంచుమించు 64 గ్రాములే వస్తుంది. పిల్లల చేత ఈ లెక్క చేయించి చూడండి. మారకం రేటు అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు.

రుద్దాలా, వద్దా?

సేకరణదారుల మధ్య అన్నిటికంటే వేడిగా సాగే వాదన ఇది. మసి పట్టిన నాణెంపై అక్షరాలు కనబడవు, మరి శుభ్రం చేయకుండా చదివేదెలా అని కొత్తవారి ప్రశ్న. సహేతుకమైన ప్రశ్నే. కానీ చింతపండు, నిమ్మరసం, బూడిద, పళ్ళపొడి పైనున్న నల్లటి పొరతో ఆగవు. దాని కింద ఉన్న లోహాన్నీ కొద్దికొద్దిగా తీసేస్తాయి. ఒకసారి అరిగిన అక్షరం మళ్ళీ రాదు. ఆ నల్లటి పొర కాలక్రమంలో ఏర్పడినది, లోపలి లోహానికి కొంత కాపు కూడా. మెరిసే నాణేన్ని తెలిసినవారు తక్కువ ధరకే అడగడానికి కారణం ఇదే.

మట్టి మాత్రమే అంటుకుని ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టడం చాలు. అక్షరాలు కనబడాలంటే వెలుతురు మార్చండి. గదిలో దీపాలార్పి పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేస్తే అరిగిన గీతలు కూడా నీడలతో లేచి కనిపిస్తాయి. ఆ వెలుతురులోనే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవవచ్చు. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంచితే పచ్చటి జిగురు పడుతుంది. మంచి కాగితపు కవరు అంతకంటే మేలు.

ఇక ధర మాట

పాతదైనంత మాత్రాన నాణేనికి ధర రాదు. ఎన్ని మిగిలాయి, ఎందరు కోరుతున్నారు, అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయి అన్న మూడింటి మీదే ధర ఆధారపడుతుంది. మక్కా మదీనా బొమ్మలతో 786 సంఖ్య వేసిన బిళ్ళలను, హనుమంతుడి బొమ్మతో 1818 సంవత్సరం వేసిన ఈస్టిండియా కంపెనీ ‘నాణేల’ను లక్షల విలువైనవని చెప్పి అమ్ముతుంటారు. అవి ఏ ప్రభుత్వమూ చెలామణీకి ముద్రించిన నాణేలు కావు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా కమీషను, పన్ను అడిగేవారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. భక్తినీ ఆశనూ కలిపి అమ్మేవాడి దగ్గర, చదవడం వచ్చినవాడు నష్టపోడు.

చట్టం విషయంలోనూ జాగ్రత్త అవసరం. భూమిలో దొరికిన నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులే కనుక గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బంధువులకు కానుకగా పంపించకూడదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం వెండి ఏ రూపంలో ఉన్నా జకాత్ లెక్కలోకి వస్తుంది కాబట్టి సేకరణలోని వెండి రూపాయలను మరచిపోరాదు. వివరాలు ఉలమాలనడిగి తెలుసుకోవాలి.

సైఫాబాద్‌లో 1903లో వెలసిన నిజాం టంకశాల పని 1997లో చర్లపల్లికి మారింది. ఆ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. పిల్లలను తీసుకెళ్ళి చూపించండి. అంతకంటే ముందు మీ జేబులోని చిల్లర తీయించండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాల గుర్తు, చతురస్రాన్ని నిలబెట్టినట్టుండే గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది. చదవడం అక్కడే మొదలవుతుంది, పైసా ఖర్చు లేకుండా. అది అలవాటైన పిల్లవాడు రేపు సందూకులోని వెండి రూపాయిని అంగడికి పంపేముందు దానిమీద ఏం రాసి ఉందో ఒక్కసారైనా చదువుతాడు. చదివినవాడు దాన్ని కరిగించడానికి అంత తేలిగ్గా ఒప్పుకోడు.