మిషన్‌లో నీళ్ళు తక్కువైతే బట్టలు పాక్ కావా?

శుక్రవారం వచ్చిందంటే మన ఇళ్ళలో ఉతికిన బట్టల కోసం వెతుకులాట మొదలవుతుంది. గుసుల్ చేసి, ఉన్నంతలో మంచి దుస్తులు ధరించి, అత్తరు పూసుకుని జుమాకు వెళ్ళడం మహాప్రవక్త (స) సున్నత్. నమాజుకు శరీరం, దుస్తులు, నిలబడే చోటు - మూడూ పాక్‌గా ఉండాలి. దుస్తులను పరిశుద్ధంగా ఉంచుకోవాలన్న ఆదేశం ముద్దస్సిర్ సూరా 4వ ఆయతులోనే ఉంది. అందుకే బట్టలు ఉతకడం మనకు ఇంటిపని మాత్రమే కాదు, ఇబాదత్‌కు తొలిమెట్టు కూడా.

మా ఇంటికి ముందు తలుపు ఉండే వాషింగ్ మిషన్ వచ్చినప్పుడు ఈ విషయమే పెద్ద చర్చ అయింది. గుండ్రటి అద్దంలోంచి చూస్తే అడుగున కాసిన్ని నీళ్ళు తప్ప కనిపించేవి కావు. "చెంబెడు నీళ్ళు లేవు. చంటివాడి పక్కబట్టలు కూడా ఇందులోనే వేస్తున్నారు. ఇవెట్లా పాక్ అవుతాయి?" అని అమ్మీ అడిగింది. అడిగి ఊరుకోలేదు. మిషన్‌లోంచి తీసిన బట్టలన్నీ మళ్ళీ బకెట్లలో జాడించడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులతో కూర్చుని లేవలేని మనిషి నీళ్ళ బకెట్లు మోస్తుంటే చూడలేకపోయాం. నీళ్ళ మట్టం పెంచమని మెకానిక్‌ను పిలిపించాం.

ఆయన చెప్పింది విన్నాక మా అభిప్రాయం మారింది. ఈ మిషన్లో బట్టలు నీళ్ళలో తేలవు. డ్రమ్ము తిరుగుతూ తడిసిన బట్టలను పైకెత్తి కింద పడేస్తుంది. చాకిరేవులో బండమీద కొట్టినట్టు ఆ దెబ్బకే మురికి వదులుతుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే బట్టలు మెత్తగా పడతాయి, ఉతుకు తగ్గుతుంది. వేడినీటి ప్రోగ్రాం పెడితే కరెంటూ ఎక్కువ కాలుతుంది.

నీటి మట్టాన్ని కొలిచే ఏర్పాటు కూడా తెలుసుకోదగ్గదే. తొట్టి అడుగు నుంచి ఒక సన్నని గొట్టం పైకి వెళుతుంది. నీళ్ళు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడిని ప్రెషర్ స్విచ్ గుర్తించి నీటి వాల్వును మూయిస్తుంది. పాత మిషన్లలో ఈ స్విచ్‌కు మరలు ఉండేవి. వాటిని కంపెనీలోనే సరిచేసి, కదలకుండా రంగు చుక్క పెట్టేవారు. కొత్తవాటిలో ఎలక్ట్రానిక్ సెన్సర్ వచ్చింది. ఆ మరలను మనంతట మనం తిప్పితే నీళ్ళు పొంగి పొర్లవచ్చు, మిషనూ పాడు కావచ్చు.

నీళ్ళు నిజంగానే మునుపటికంటే తగ్గాయనుకుంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. కుళాయి పూర్తిగా తిప్పారా? నీళ్ళు వచ్చే గొట్టం మొదట్లోని చిన్న జల్లెడలో ఇసుక చేరిందా? మురుగు గొట్టం చివర నేలమీద పడి ఉందా? అది కిందికి ఉంటే నిండుతున్న నీళ్ళు నిండినట్టే జారిపోతాయి. ఇవన్నీ బాగుంటే, గాలిగొట్టంలో సబ్బు జిగురు పేరుకుందేమో మెకానిక్ చేత చూపించాలి.

మరలు ముట్టకుండానే జాలింపు నీళ్ళు పెంచుకునే మార్గాలున్నాయి. చాలా మిషన్లలో అదనపు జాలింపు మీట ఉంటుంది. లేకపోతే ఉతుకు పూర్తయ్యాక జాలించి పిండే ప్రోగ్రాం ఒక్కటే మరోసారి పెట్టుకోవచ్చు. డ్రమ్మును కుక్కి నింపకూడదు. పైన ఒక చెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పౌడరు. మేము ఉతికిన తువ్వాలును బకెట్ నీళ్ళలో ముంచి చూస్తే నురగ లేచింది. తక్కువైంది నీళ్ళు కాదు, ఎక్కువైంది పౌడరు! చేతి ఉతుకు అలవాటుతో దోసిళ్ళతో పోశాం. నురగ తక్కువ వచ్చే పౌడరును కొలత ప్రకారం వేశాక ఆ ఇబ్బంది పోయింది.

ఇక అమ్మీ సందేహం మిగిలింది. మా మస్జిద్ ఇమాం సాబ్‌ను అడిగాం. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం కంటికి కనిపించే నజాసత్‌ను పూర్తిగా తొలగించాలి. కడిగాక కూడా వదలని మరక మిగిలితే దోషం లేదు. ఆరిపోయిన మూత్రంలా కనిపించనిదైతే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. "చంటివాడి బట్టలు ముందు కుళాయి కింద కడిగి, విడిగా వేయండి. మిషన్‌లో మూడుసార్లు కొత్త నీళ్ళు వచ్చి, ప్రతిసారీ పిండుతుందో లేదో చూసుకోండి. అట్లా అయితే సందేహం అక్కర్లేదు" అన్నారాయన. వేరే మజ్‌హబ్‌వారు తమ ఉలమాలను అడిగి తెలుసుకోవాలి.

అమ్మీ ఆ రోజు మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. నీళ్ళు వచ్చినప్పుడల్లా, పిండినప్పుడల్లా తస్బీహ్ పూసలా వేళ్ళమీద లెక్కపెట్టింది. మూడో లెక్క పూర్తయ్యాక తన దుపట్టా తానే తీసి ఆరేసింది. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు దానితోనే చేసింది. ఆ తర్వాత మా ఇంట్లో బకెట్ల చప్పుడు వినిపించలేదు.

మహాప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సాఅ్ నీటితో గుసుల్ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ద్ అంటే సగటు మనిషి దోసిలి నిండే కొలత. నాలుగు ముద్ద్‌లు ఒక సాఅ్. అంత తక్కువ నీటితో ఆయన పరిశుద్ధులయ్యేవారు. పరిశుద్ధత నీళ్ళ గుట్టలో లేదు, వాడే తీరులో ఉంది. ఎండాకాలంలో బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం బిందెలు బారులు తీరే వీధుల్లో ఉంటున్న మనకు ఈ మాట మరీ అవసరం. చివరి జాలింపు నీళ్ళు బకెట్‌లో పట్టుకుంటే వాకిలి కడగడానికి పనికొస్తాయి.

వస్వసాకు లొంగి నీళ్ళు పారబోయడం తగదు. నిర్లక్ష్యంతో నాపాక్ బట్టలతో నమాజుకు నిలబడడమూ తగదు. ఈ రెంటి మధ్య ఉన్న సులువైన దారిన నడిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.