రేషన్ సంచీలో ఆరోగ్యమూ ఉండాలి



ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకోవడం ఎంత బాధ్యతో, పేద సోదరుల ఆరోగ్యానికి మన చేతులతో హాని జరగకుండా చూసుకోవడమూ అంతే బాధ్యత.

కిందటి రమజాన్‌లో రేషన్ కిట్లు పంచుతుండగా ఒక పెద్దావిడ సంచీ అందుకుని, అందులోంచి చక్కెర, మైదా ప్యాకెట్లు తీసి తిరిగి మా చేతిలో పెట్టారు. "ఇవి ఇంకెవరికైనా ఇవ్వండి బేటా. నాకు షుగర్. ఇంట్లో ఉంటే తినకుండా ఉండలేను" అన్నారు. ఆమె వెళ్లాక ఇంకో సంచీ విప్పి చూసుకున్నాం. బియ్యం, మైదా, చక్కెర, సేమియా, వనస్పతి, కొద్దిగా కందిపప్పు, ఖర్జూరాలు. అన్నీ ఆకలి తీర్చేవే. కానీ షుగర్ ఉన్న మనిషికి వాటిలో మేలు చేసేవి చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ ఆలోచనలోంచి పుట్టింది.

జీవక్రియ రుగ్మతలు అంటే

తిన్న ఆహారాన్ని శరీరం శక్తిగా మార్చుకునే పనినే జీవక్రియ అంటాం. ఆ పని గాడి తప్పితే షుగర్, రక్తంలో కొవ్వు, రక్తపోటు, పొట్ట చుట్టూ కొవ్వు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వైద్యులు ఐదు గుర్తులు చూస్తారు. నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లకు చేరడం, పరగడుపు షుగర్ 100కు చేరడం, రక్తపోటు 130/85కు చేరడం, ట్రైగ్లిజరైడ్లు 150కి చేరడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం. వీటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. దాని అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అంచున ఉన్నవారిని వెనక్కి మళ్లించడం సాధ్యమే. 2006లో ప్రచురితమైన చెన్నై పరిశోధకుల అధ్యయనంలో, ఆహారం మార్చుకుని, నడక అలవాటు చేసుకున్న వారిలో షుగర్ వచ్చే ముప్పు దాదాపు 28 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్న వారిలో కలిగిన మేలూ ఇంచుమించు అంతే.

ఫంక్షనల్ ఫుడ్స్ అంటే

కడుపు నింపడంతో ఆగకుండా శరీరానికి అదనంగా మేలు చేసే ఆహారాన్ని ఫంక్షనల్ ఫుడ్ అంటారు. ఈ ఆలోచన 1980లలో జపాన్‌లో రూపుదిద్దుకుంది. 1991లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి ఆహారాలకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. వీటి కోసం ఖరీదైన డబ్బాలు కొననక్కర్లేదు. చాలావరకు మన కిరాణా కొట్లోనే దొరుకుతాయి.

మెంతులు: వీటిలోని పీచు కడుపులో జిగురుగా మారి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు షుగర్ రోగులకు మెంతులు ఇచ్చి పరీక్షించారు. 1990లో ప్రచురించిన ఫలితాల్లో షుగర్, కొలెస్ట్రాల్ రెండూ తగ్గినట్టు చూపారు. ఒక చెంచాతో మొదలుపెట్టడం మంచిది. ఒక్కసారే ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి.

బార్లీ: బార్లీతో చేసే తల్బీనా జావ రోగికి, దుఃఖంలో ఉన్నవారికి ఊరటనిస్తుందని హదీసుల్లో ఉంది. ఇందులోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. వడకట్టిన బార్లీ నీళ్లు తాగితే సరిపోదు. పీచులో చాలా భాగం గింజలోనే ఉండిపోతుంది కాబట్టి గింజతో సహా తినాలి.

శనగలు, పెసలు, అలసందలు: వీటిలో మాంసకృత్తులు, పీచు రెండూ ఉంటాయి. నెమ్మదిగా అరుగుతాయి. అన్నం కొంత తగ్గించి ఆ మేరకు వీటిని పెంచితే భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.

జొన్నలు, కొర్రలు, రాగులు: తెల్లన్నం కంటే పీచు ఎక్కువ. అయితే పల్చటి జావకన్నా రొట్టె మేలు. ఏదైనా కొలతలోనే తినాలి.

అవిసె గింజలు, కవ్వలు, కానాగంతలు: వీటిలోని ఒమేగా-3 కొవ్వులు గుండెకు మంచివి.

ఔషధానికి తోడే, బదులు కాదు

ఇవేవీ మాత్రలకు, ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం కావు. కలోంజీ మీద మనకు ఎంతో గౌరవం ఉంది. షుగర్ కొంత తగ్గుతుందని చిన్న చిన్న పరిశోధనలు చూపాయి కూడా. అంతమాత్రాన మందులు ఆపేయకూడదు. వైద్యం చేయించుకోమన్నదీ దైవప్రవక్త (స) బోధే. తేనె, ఖర్జూరం శుభప్రదమైనవే, కానీ వాటిలోనూ చక్కెర ఉంటుంది. ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖర్జూరాలు చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పులు ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

షుగర్ ఉన్నవారు రోజా పాటించాలనుకుంటే నెల, రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలి. రోగికి ధర్మం ఇచ్చిన మినహాయింపు అల్లాహ్ కారుణ్యమే.

దాతలకు మా విన్నపం

ఈసారి సంచీలో మైదా స్థానంలో గోధుమపిండి లేదా జొన్నపిండి, వనస్పతి స్థానంలో వేరుశనగ నూనె పెట్టాలనుకుంటున్నాం. చక్కెర సగానికి తగ్గించి శనగలు, బార్లీ, మెంతులు చేరుస్తాం. పిల్లలున్న ఇళ్లకు బియ్యం అవసరం కనుక అది తీసేయం. ఖర్చు కొంత పెరుగుతుంది. కాబట్టి ఏటా చక్కెర బస్తా ఇచ్చే సహృదయులు ఈసారి శనగల బస్తా ఇవ్వండి. వీలైనవారు పంపిణీ రోజున షుగర్, బీపీ పరీక్షల ఖర్చు భరించండి.

సంచీలో బార్లీ పెట్టడం కొత్త విషయమేమీ కాదు. దైవప్రవక్త (స) కాలంలో ఫిత్రా దానాన్ని ఒక సా ఖర్జూరాలుగానో, ఒక సా బార్లీగానో ఇచ్చేవారు. తాము తినే ఆహారాన్నే పేదలతో పంచుకున్నారు. మన ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే వంటింట్లో ఏం మారుస్తామో, పేదవాడి సంచీలోనూ అదే మారుద్దాం.

ఆ పెద్దావిడ ఈసారి సంచీలోంచి ఏదీ తిరిగి ఇవ్వాల్సిన అవసరం రాకూడదు. అల్లాహ్ మన దానాలను స్వీకరించి, రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.