మే నెల జైనూర్‌లో ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది? లెక్క వేసి చూద్దాం

"అన్నా, నా ఫోన్ ఖరాబైనట్టుంది. పది నిమిషాలు గేమ్ ఆడితే లాగ్ అయితుంది, బ్రైట్‌నెస్ దానంతట అదే తగ్గుతుంది." పోయిన మే నెలలో జైనూర్‌లో మా తమ్ముడు అన్న మాట ఇది. వేపర్ చాంబర్ ఉన్న కొత్త ఫోన్ ఈఎంఐలో కొందామని అప్పటికే ఫిక్స్ అయ్యాడు. ఆగరా అని కాగితం మీద లెక్క వేశాను.

ఫోన్ కూడా ఒక హీట్ ఎక్స్‌ఛేంజరే. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి చివరికి గాలిలోకి పోవాలి. సూత్రం సింపుల్:

పోయే వేడి = బదిలీ గుణకం × వైశాల్యం × ఉష్ణోగ్రత తేడా

16 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. వెడల్పు ఉన్న ఫోన్‌కు రెండు వైపులా కలిపి వైశాల్యం 0.024 చదరపు మీటర్లు. కదలని గాలిలో గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి దాదాపు 10 వాట్లు. చేతికి తగిలే పైభాగం 43 డిగ్రీలు దాటకూడదు అనుకుందాం.

గది 25 డిగ్రీలు ఉంటే: 10 × 0.024 × 18 = 4.3 వాట్లు.
గది 40 డిగ్రీలు ఉంటే: 10 × 0.024 × 3 = 0.7 వాట్లు.

అదే ఫోన్, అదే గేమ్. కానీ బయటికి పోయే వేడి ఆరో వంతుకు పడిపోయింది. మిగతాది లోపలే పేరుకుంటే ప్రమాదం కాబట్టి ఫోనే స్పీడ్ తగ్గించుకుంటుంది. అంటే ఖరాబు కాలేదు, తనను తాను కాపాడుకుంటోంది. ఐఫోన్‌లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెప్పేది కూడా ఊరికే కాదు.

మరి వేపర్ చాంబర్? అది ఒక్కచోట ఉన్న వేడిని ఫోన్ అంతటా పరుస్తుంది. మంచిదే, కానీ ఫోన్ వైశాల్యాన్ని పెంచదు, గది వేడిని తగ్గించదు. 40 డిగ్రీల గదిలో ఆ 0.7 దగ్గర దానికీ బ్రేక్ పడుతుంది.

ఇదే సూత్రం రామగుండం ఎన్టీపీసీ లాంటి 2,600 మెగావాట్ల ప్లాంట్ కండెన్సర్‌లోనూ పనిచేస్తుంది. ఒక్క తేడా ఉంది. అక్కడ నీళ్లు గొట్టంలో పోతూ పోతూ వేడెక్కుతాయి, కాబట్టి తేడా ఒకేలా ఉండదు. ఉదాహరణకు ఆవిరి 46 డిగ్రీలు, నీళ్లు 32లో వచ్చి 42లో బయటికి పోతే తేడా 14 నుంచి 4కు పడుతుంది. మామూలు సగటు 9. ఇంజినీర్లు వాడే లాగ్ మీన్ మాత్రం 8. తొమ్మిదని నమ్మి కడితే కండెన్సర్ చిన్నదైపోతుంది. ఫోన్ చుట్టూ గాలి దాదాపు ఒకే వేడిలో ఉంటుంది కాబట్టి మనకు ఆ తిప్పలు లేవు.

ఇప్పుడు పరిష్కారం. ఫ్యాన్ గాలిలో గుణకం 25 అనుకున్నా, 40 డిగ్రీల గదిలో పోయేది 1.8 వాట్లే. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. దాని ముందు గాలి 30 డిగ్రీలకు దిగితే: 25 × 0.024 × 13 = 7.8 వాట్లు!

ఇంకో మూడు జాగ్రత్తలు: ఆడేటప్పుడు కవర్ తీసేయండి, చార్జింగ్ పెట్టకండి, ఎండలో ఉంచకండి. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు. ఫోన్ ఒక్క వైపు మీదే 12 వాట్లు పడతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ చేరుతుంది.

తమ్ముడు కూలర్ ముందు కూర్చుని మళ్లీ ఆడి చూశాడు. ఈఎంఐ ఆలోచన మానేశాడు. మీరూ కొత్త ఫోన్ కొనే ముందు ఒకసారి గది ఉష్ణోగ్రత చూసుకోండి.