బ్యాంకాక్ మునగకూడదు

2011 చివర్లో ప్రపంచమంతా హార్డ్ డిస్క్‌ల ధరలు పెరిగాయి. కారణం థాయ్‌లాండ్‌లో వరదలు. మనం సీక్ టైమ్ లెక్కలు చేస్తాం గానీ ఈ సంగతి ఏ సిలబస్‌లోనూ లేదు. తవ్వుతూ పోతే కథ బ్యాంకాక్ దగ్గర తేలింది.

ఒక దేశంలో అతిపెద్ద నగరం, రెండోదానికి కనీసం రెండింతలు ఉంటే దాన్ని ప్రైమేట్ సిటీ అంటారు. 1939లో మార్క్ జెఫర్సన్ అనే అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త పెట్టిన పేరు. (కోతులతో సంబంధం లేదు!) మన దేశానికి ఇది వర్తించదు. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై తలా కొంత పంచుకున్నాయి. బ్యాంకాక్‌కి మాత్రం రెండింతలనేది చాలా చిన్న మాట. 2010 జనాభా లెక్కల్లో 83 లక్షలు. దూరంగా ఉన్న చియాంగ్ మాయ్, కోరాట్ లాంటివి మునిసిపాలిటీ హద్దుల్లో రెండు లక్షలు కూడా దాటవు.

1782లో రాజధాని అయింది. 1855లో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరాక బియ్యం ఎగుమతులన్నీ చావో ఫ్రయా నది మీదుగా ఇక్కడికే. తర్వాత రైలు పట్టాలూ ఇక్కణ్ణుంచే నాలుగు దిక్కులకీ వెళ్ళాయి.

నాకు ఒళ్ళు మండింది మాత్రం బియ్యం పన్ను గురించి చదివినప్పుడు. 1950ల నుంచి 1986 దాకా ఎగుమతయ్యే బియ్యం మీద ప్రభుత్వం పన్ను వేసింది. వ్యాపారి దాన్ని రైతుకిచ్చే ధరలో కోసుకున్నాడు. ఎగుమతి గిట్టకపోయేసరికి దేశంలో బియ్యం చవకైంది. పట్నంలో తిండి చవక, కాబట్టి కూలీ కూడా చవక, కాబట్టి ఫ్యాక్టరీలకు లాభం. పొలం గిట్టని రైతు కొడుకు ఎక్కడికెళ్తాడు? ఆ ఫ్యాక్టరీకే.

అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది పేర్లు సొంతూరి రిజిస్టర్‌లోనే ఉండిపోతాయి. అందుకే 83 లక్షల మందిలో బ్యాంకాక్ రిజిస్టర్‌కి ఎక్కినవాళ్ళు 60 లక్షల లోపే. ఏప్రిల్‌లో సాంగ్‌క్రాన్ పండక్కి నగరం ఖాళీ అవుతుంది. సంక్రాంతికి విజయవాడ హైవే టోల్‌గేట్ల దగ్గర కార్ల బారులు చూసినవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఇక వరద. ఉత్తరం నుంచి నీళ్ళు వచ్చిపడుతుంటే ప్రభుత్వం నగర నడిబొడ్డుని కాపాడాలని నిర్ణయించింది. ఇసుక బస్తాలు, కరకట్టలు, గేట్లు. పోవడానికి దారిలేని నీళ్ళు అయుత్థయ, పథుమ్ థానీల్లో వారాల తరబడి నిలిచాయి. హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు అక్కడివే. మొత్తం దేశంలో 800 మందికి పైగా చనిపోయారు. శివారు జనం గేట్లు ఎత్తమని గొడవకు దిగారు.

లెక్కప్రకారం చూస్తే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. నడిబొడ్డు మునిగితే దేశమే ఆగిపోయేది. కానీ దేశమంతటినీ ఒకేచోట కుక్కాక, ఏ లెక్క వేసినా జవాబు బ్యాంకాకే వస్తుంది కదా. పైగా బ్యాంకాక్ తన గవర్నర్‌ని ఓటేసి ఎన్నుకుంటుంది. మిగతా 76 రాష్ట్రాలకీ గవర్నర్లని హోంశాఖ అక్కణ్ణుంచే పంపిస్తుంది.