కాళ్ల బిగువు పోయాకే అసలు పని

నెలలు నిండకుండా పుట్టిన బాబు. ఏడాదిన్నర దాటినా నడక రాలేదు. నిలబెడితే మునివేళ్ల మీద నిలుస్తాడు, అడుగు వేయబోతే కాళ్లు కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఊరి నుంచి వీడియో కాల్‌లో అమ్మమ్మ మాట ఒక్కటే: 'వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు, నూనె పెట్టి మర్దన చెయ్యండి.' మర్దనతో పిల్లాడికి హాయిగా ఉండవచ్చు. కానీ ఈ బిగువు మూలం కాలిలో లేదు, మెదడులో ఉంది. సెరిబ్రల్ పాల్సీలో ఎక్కువగా కనిపించే ఈ లక్షణాన్ని డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు.

కండరం నుంచి వెన్నుపాముకు 'సాగుతున్నాను' అనే సంకేతం నిరంతరం వెళుతుంటుంది. దానికి వెన్నుపాము అతిగా స్పందించకుండా మెదడు అదుపు చేస్తుంది. మెదడుకు దెబ్బ తగిలితే ఆ అదుపు సడలి, కండరం బిగుసుకుంటుంది. బొటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు ఉపశమనం ఇస్తాయి. బాక్లోఫెన్ మందు ఉంది, తీవ్రత ఎక్కువైతే ఆ మందునే వెన్నులోకి పంపే పంపు ఉంది. మరో మార్గం సెలెక్టివ్ డోర్సల్ రైజోటమీ, పొట్టిగా ఎస్‌డీఆర్. నడుము దగ్గర వెన్ను తెరిచి, కాళ్ల నుంచి సంకేతాలు తెచ్చే నరాల పోగులను ఒక్కొక్కటిగా విద్యుత్తుతో పరీక్షించి, అతిగా స్పందించేవాటిలో కొన్నింటిని కత్తిరిస్తారు. కాళ్లను కదిలించే నరాల జోలికి పోరు. కత్తిరించిన పోగును మళ్లీ అతికించలేరు కాబట్టి ఇది వెనక్కి తీసుకోలేని నిర్ణయం.

ఈ ఆలోచన పాతదే. 1980ల తొలినాళ్లలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ వార్విక్ పీకాక్ దీన్ని పిల్లలకు విస్తృతంగా చేశారు. తర్వాత అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ టి.ఎస్. పార్క్ చిన్న కోతతో చేసే పద్ధతిని తెచ్చారు. బ్రిటన్ నుంచి ఎందరో తల్లిదండ్రులు విరాళాలు పోగుచేసి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఆ అవసరం చాలావరకు తీరింది. 5 ఆస్పత్రుల్లో 137 మంది పిల్లలకు ఈ ఆపరేషన్ చేసి రెండేళ్లు గమనించారు. కదలికల్లో, నొప్పి విషయంలో మెరుగు కనిపించింది, తీవ్రమైన సమస్య ఎవరికీ రాలేదు. దాంతో 2018లో ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని తన ఖర్చుతోనే చేయడానికి ఒప్పుకుంది.

అయితే అందరికీ చేయరు. వయసు 3 నుంచి 9 ఏళ్ల మధ్య ఉండాలి. బిగువు ప్రధానంగా కాళ్లలో ఉండాలి. ఇబ్బందిగానైనా సొంతంగానో, వాకర్ లేదా కర్రల సాయంతోనో నడిచే పిల్లలై ఉండాలి. వాళ్లంతట వాళ్లే మెలితిరిగే కదలికలు ఉన్నవారికి ఇది తగదు. ఎంఆర్ఐ చూసే నిర్ణయిస్తారు. 'మా వాడికి కాదన్నారు' అంటే నిర్లక్ష్యం చేశారని కాదు. ఆ బిడ్డకు ఈ ఆపరేషన్ వల్ల మేలు కంటే చేటు ఎక్కువ కావచ్చు.

ఇళ్లలో ముందుగా మాట్లాడుకోవాల్సింది మరొకటి ఉంది. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో పిల్లాడు ముందుకంటే నీరసంగా కనిపిస్తాడు. ఇన్నాళ్లూ ఆ బిగువునే ఊతంగా చేసుకుని నిలబడ్డాడు. అది పోగానే దాని వెనక దాగిన బలహీనత బయటపడుతుంది. కాళ్లు తేలిపోతాయి, అరికాళ్లు ముట్టుకుంటే చిరాకు పడతాడు. 'ముందే నయం కదా, అనవసరంగా కోయించారు' అని పెద్దలు అనేది సరిగ్గా అప్పుడే. ఆ మాట తల్లిని కుంగదీస్తుంది. కాబట్టి ఈ దశ వస్తుందని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

అక్కణ్నుంచి నెలల తరబడి ఫిజియోథెరపీ, ఇంట్లో రోజూ వ్యాయామం. అది లేకపోతే ఆపరేషన్ ఫలితం సగం వృథా. మెదడుకు తగిలిన దెబ్బ అలాగే ఉంటుంది, సెరిబ్రల్ పాల్సీ పోదు. అప్పటికే కురచబడిన కండరాలకు తర్వాత ఎముకల డాక్టర్ అవసరం పడొచ్చు.

మన కుటుంబాలకు ఇంకో చిక్కు వీసా. హెల్త్ సర్‌చార్జ్ కట్టినవారికి ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం అందుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత కనీసం రెండేళ్లు ఒకేచోట ఉండగలమా అని లెక్క చూసుకోవాలి. ఉద్యోగం మారి ఊరు మారితే కొత్త ఫిజియో దొరికేసరికి నెలలు పట్టొచ్చు. అలాగని 'వచ్చే ఏడు ఇండియా వెళ్లాక చూద్దాం' అంటూ వాయిదా వేస్తే వయసు దాటిపోవచ్చు. అనుమానం ఉంటే ముందు జీపీకి చెప్పి, పిల్లల న్యూరాలజీ విభాగానికి రాయించుకోండి. పగలు బిడ్డను చూసేది అమ్మమ్మో నానమ్మో అయితే వాళ్లనూ ఫిజియో దగ్గరకు తీసుకెళ్లండి. తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు.